రికార్డులో లేని కొండ

మా పెదనాన్న నోట మంచి మాట విన్నవాళ్ళు మా కుటుంబంలో ఎవరూ లేరు. పెళ్ళయిన కొత్తలో మా పెద్దమ్మ వండిన కూర తిని, "ఆకలిని చంపడానికి ఇది చాలు. మనిషిని చంపడానికి కూడా" అన్నాడట. పెద్దమ్మ ఏడవలేదు, అలగలేదు. "అయితే మీరే వండుకోండి" అని గరిటె ఆయన చేతిలో పెట్టి బయటికి వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. ఆయన తిడుతూ వండుతాడు, ఆవిడ వంకలు పెడుతూ తింటుంది. వాళ్ళ కాపురం ఇలా ముప్పై ఏళ్ళు దాటి నడుస్తోంది.

సైన్యంలో ఆయన్ని 'కారం' అనేవారు. వంటలో ఎక్కువైన కారం వల్ల కాదు, నోట్లో ఎక్కువైన కారం వల్ల. నిజానికి ఆయన చేరబోయింది తుపాకీ పట్టడానికి. ఛాతీ కొలిచినవాడు టేపు చూసి పెదవి విరిచి, "గట్టిగా ఊపిరి పీల్చు" అన్నాడు. "పీల్చాకే ఇది" అన్నాడు పెదనాన్న. కొలిచేవాడికి జాలేసిందో నవ్వొచ్చిందో కానీ, "వంట వచ్చా?" అని అడిగాడు. అప్పటికి పెదనాన్నకి టీ పెట్టడం కూడా సరిగ్గా రాదు. "వచ్చు" అన్నాడు. ఆ ఒక్క అబద్ధం మీద ఆయన ఉద్యోగ జీవితమంతా నడిచింది. తర్వాత వంట నేర్చుకున్నాడు, నిజమే. కానీ నేర్చుకున్నన్నాళ్ళూ ఆ కష్టమంతా తిన్నవాళ్ళే పడ్డారు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. ఎందుకు వచ్చిందని అడిగితే, "ఇద్దరు పెద్దమనుషులకి ఒకే కొండ నచ్చింది" అంటాడు. అంతకు మించి చరిత్ర ఆయనకి అక్కర్లేదు.

క్యాంపు కొండ కింద ఉండేది. కాపలా దళం కొండ మీద ఉండేది. కింద వండిన సూపూ, టీ మూత బిగించిన పెద్ద డబ్బాల్లో పోసి, వీపుకి కట్టుకుని పైకి మోసుకెళ్ళాలి. వంటవాళ్ళంతా వంతులేసుకుని వెళ్ళేవారు. ఒకరోజు పొద్దున్నే పెదనాన్న వంతు వచ్చింది. ఆయన పైకి చేరి డబ్బాలు దించీ దించకముందే అవతలివైపు నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. వచ్చిన దారి దుమ్ములో కలిసిపోయింది. కందకంలో ముడుచుకుని కూర్చున్న ఆయన్ని చూసి కెప్టెన్, "చేతులు ఖాళీగా ఉన్నాయా?" అన్నాడు. "గరిటె ఉంది సార్" అన్నాడు పెదనాన్న. "అది పక్కన పెట్టి ఆ తూటాల పెట్టెలు అందించు."

ఆ పగలంతా, మర్నాడు ఉదయం దాకా పెట్టెలు అందించాడు. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే ఒరిగిపోతుంటే పెట్టెలు అందుకునే చేతులు తగ్గిపోయాయి, ఆయన మాత్రం అందిస్తూనే ఉన్నాడు. ఈ భాగం ఆయన ఎప్పుడూ సాగదీసి చెప్పడు. అడిగితే, "మెస్సులో వడ్డించినట్టే. కాకపోతే ఎవడూ మారు అడగలేదు" అంటాడు.

కాల్పులు కాస్త సద్దుమణిగాక కెప్టెన్ ఆయన్ని పిలిచి, పాదం నుజ్జయి పడున్న వైర్‌లెస్ కుర్రవాణ్ణి చూపించి, "వీణ్ణి కిందకి దించు. నీకు దారి తెలుసు" అన్నాడు. పెదనాన్న దిగిపోయిన కొంతసేపటికి కెప్టెన్‌కి కూడా గాయమైందట. పెదనాన్న ఆ కుర్రవాణ్ణి డబ్బాలు మోసిన పట్టీలతోనే వీపుకి కట్టుకుని దిగాడు. వైద్యుల గుడారంలో అప్పజెప్పాడు. అక్కణ్ణుంచి తిన్నగా వంటశాలకి వెళ్ళాడు. మెస్సు పెద్ద ఆయన్ని పైనుంచి కింద దాకా చూసి అడిగిన మొదటి మాట, "డబ్బాలేవి?"

"కొండ మీద ఉన్నాయి."

"నీ అబ్బ సొమ్మనుకున్నావా?"

డబ్బాల ఖరీదు జీతంలోంచి కోసేశారు. ఆ సాయంత్రం బంగాళాదుంపల చెక్కు తీసే పని కూడా ఆయన మీదే పడింది. దేశం ఆయనకి వెంటనే ఇచ్చిన గౌరవం ఇదే.

యుద్ధం ఆగాక, ఆ కొండ మీద నిలబడినవాళ్ళందరికీ రణపతకం ఇస్తామని ప్రకటించారు. పేర్లు పంపమని కబురొచ్చింది. కెప్టెన్ ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. పేర్లు రాసి పంపే భాగ్యం క్యాంపులో స్టోర్ చూసే మనిషికి దక్కింది. ఈ మనిషి యుద్ధం నడిచినన్నాళ్ళూ దుప్పట్లు, బూట్లు, కిరోసిన్ పీపాల మధ్య ఉన్నాడు. కొండని కిటికీలోంచి చూశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే ముందు తన విస్తట్లో వడ్డించుకున్నాడు. వంటవాళ్ళ హాజరు క్యాంపులో ఉంది కనుక పెదనాన్నని క్యాంపులోనే ఉంచేశాడు.

పెదనాన్న అప్పుడు పట్టించుకోలేదు. "బిళ్ళ తగిలిస్తే చొక్కా చిరుగుతుంది" అన్నాడట. సర్వీసు అయ్యాక మా ఊరొచ్చి ప్రభుత్వాసుపత్రి క్యాంటీన్‌లో వంటకి కుదిరాడు. రోగుల బంధువులు ఆయన తిట్లు తిని, తర్వాత ఆయన చేసిన రొట్టెలు తినేవారు. "తిండి మానేస్తే మీ ఆయన లేస్తాడా? ముందు తిని, తర్వాత ఏడువు" అని ఒకావిడ మీద అరవడం నేను చూశాను. ఆవిడ తింది. మా అమ్మానాన్నలు ఉద్యోగాల్లో ఉండేవారు కనుక బడి అయిపోగానే నేను ఆ క్యాంటీన్‌లోనే కూర్చునేదాన్ని. ఆయన తిట్లలోనే చదువుకున్నాను. ఆయన తమ్ముడి కూతుర్ని కనుక ఆ నోరు కొంత నాకూ వచ్చిందని మా అత్తవారు అంటారు.

స్టోర్ మనిషి కూడా మా ఊరివాడే. పెన్షన్‌తో వచ్చి రెండంతస్తుల ఇల్లు కట్టి, మాజీ సైనికుల సంఘానికి ప్రెసిడెంట్ అయ్యాడు. ఎదురుగా నిలబడేవాళ్ళు లేక ప్రతిసారీ ఆయనే అవుతాడు. ఊళ్ళో ఆయన్ని ప్రెసిడెంట్‌గారు అంటారు. మా ఇంట్లో మాత్రం స్టోరు సారనే అంటాం.

*

కెప్టెన్ పోయాడు. ఆయన చివరి రోజుల్లో మా ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆయనకి పెట్టకూడనివేవో డాక్టర్లు రాసిచ్చారు, పెట్టాల్సినవేవో పెదనాన్న వండి పట్టుకెళ్ళేవాడు. ఇద్దరూ కొండ ఊసు ఎత్తేవారు కాదు. "ఉప్పు లేదేం?" "డాక్టర్‌ని అడగండి." "నువ్వు డాక్టర్‌కి భయపడే రకమా?" అంతవరకే.

స్మశానంలో సంఘం వాళ్ళు మర్యాదలు చేశారు. శవపేటిక భుజాన పట్టేవాళ్ళు వరుసగా నిలబడ్డారు. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి ఆ వరుసలో ముందు నిలబడ్డాడు. స్టోరు సారు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. మర్యాదగానే పట్టుకున్నాడు, అదే అసహ్యం.

"కారం, కొంచెం వెనక్కి. భుజం పట్టేది పతకం ఉన్నవాళ్ళు. దీనికో పద్ధతి ఉంది కదా."

"పద్ధతి ఎవరు పెట్టారు?"

"సంఘం."

"సంఘం అంటే మీరేగా."

"ఇక్కడ గొడవొద్దు. వచ్చినవాళ్ళకి టీల సంగతి నువ్వు చూడు, అది నీకు బాగా తెలుసు."

పెదనాన్న వెనక్కి వచ్చాడు. ఆయన నోరు మూసుకుని వెనక్కి రావడం నేను అదొక్కసారే చూశాను. పెట్టె ముందు కొమ్ము స్టోరు సారు భుజం మీద ఉంది. ఆయన చొక్కా మీద పతకం ఎండకి తళతళలాడుతోంది. బ్రాసో పాలిష్ పెట్టి తోముతాడు కాబోలు. కొండ ఎక్కని మనిషి, కొండ మీద ఉన్న కెప్టెన్‌ని మోస్తున్నాడు. ఆ కెప్టెన్‌కి తెలిస్తే పెట్టె మూత తీసుకుని దిగి నడిచిపోయేవాడు.

ఇంటికొచ్చాక పెదనాన్న కూర తరుగుతూ నాతో అన్నాడు, "అమ్మాయ్, ఆ బిళ్ళ నా రికార్డులో ఎక్కించాలంటే ఏం చెయ్యాలో కనుక్కో."

పెద్దమ్మ లోపలినుంచే అందుకుంది. "ఇన్నాళ్ళకి బిళ్ళ మీద మోజు పుట్టిందా? పెళ్ళప్పుడు కూడా కొత్త చొక్కా వద్దన్న మనిషి."

"మోజు కాదు."

"మరి?"

"వాడు నన్ను టీలు చూడమన్నాడు."

"మీరు చూసేది టీలేగా."

"చూస్తాను. వాడు చెప్తే చూడను."

పెద్దమ్మ, "వెళ్ళేటప్పుడు ఆ మంచి చెప్పులు వేసుకుని వెళ్ళండి. లేకపోతే ఆఫీసువాళ్ళు గుమ్మంలోనే ఆపేస్తారు" అంది. మా పెద్దమ్మ ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

*

రికార్డుల ఆఫీసు పట్నంలో ఉంది. పెద్ద భవనం, చిన్న కిటికీ. కిటికీ ఎంత చిన్నదంటే లోపలున్న గుమాస్తా ముఖం చూడాలంటే దణ్ణం పెడుతున్నట్టు వంగాల్సిందే. అలా కట్టినవాడి తెలివికి పతకం ఇవ్వొచ్చు. పెదనాన్న వంగలేదు. ఆయన పొట్ట మీద గుండీలతోనే ఆ గుమాస్తా మాట్లాడాల్సి వచ్చింది. నేను మాత్రం వంగాను.

"మీ హోదా?" అన్నాడు గుమాస్తా.

"వంట."

"వంటవాళ్ళు క్యాంపులో ఉంటారు. క్యాంపు మీద యుద్ధం జరగలేదు."

"కొండ మీద జరిగింది. నేను కొండ మీద ఉన్నాను."

"ఎందుకున్నారు?"

"అక్కడివాళ్ళకి ఆకలేస్తే ఏం చేస్తారు? మీకు జీవో పంపుతారా?"

నేను ఆయన చొక్కా లాగాను. గుమాస్తాకి కోపం రాలేదు. ఆ సీట్లో కోపమొచ్చే మనుషుల్ని కూర్చోబెట్టరు. కంప్యూటర్‌లో ఏదో చూసి, ఆవలించి చెప్పాడు. ఆరోజు మీ పైఅధికారి ఎవరో ఆయన ధ్రువీకరించాలి. లేదా ఆ పతకం ఉన్నవాళ్ళు గానీ, అక్కడ గాయపడినట్టు రికార్డు ఉన్నవాళ్ళు గానీ మిమ్మల్ని అక్కడ చూశామని ప్రమాణపత్రం ఇవ్వాలి.

"పైఅధికారి మొన్ననే పోయాడు" అన్నాను.

"అయ్యో. కాస్త ముందు రావాల్సింది" అన్నాడు గుమాస్తా, బస్సు వెళ్ళిపోయినట్టు. మళ్ళీ తనే సాయం చేస్తున్నట్టు ముందుకి వంగి, "మీ ఊళ్ళోనే ఒకాయన ఉన్నారు కదండీ, సంఘం ప్రెసిడెంట్‌గారు. ఆ కొండ పతకమే ఆయనది. చాలా మంచి మనిషి. సంతకం పెట్టించుకు రండి, పనైపోతుంది" అన్నాడు.

పెదనాన్న బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎప్పటికీ ఆగదేమోనని భయమేసింది. "వాడు లేని చోట నేనున్నానని వాడు చెప్పాలి. లేనివాడికి ఉన్నవాడు కనపడాలి. చూశావా అమ్మాయ్, ఎంత చదువుకుంటే ఇలాంటి రూలు రాయగలరు?"

*

వెళ్ళొద్దనుకున్నాం. కానీ స్టోరు సారే కబురు పెట్టాడు. పట్నంలో గుమాస్తా ఫోన్ చేసి చెప్పి ఉంటాడు.

వాళ్ళ ముందుగదిలో గోడలు కనపడవు, అన్నీ ఫొటోలే. రిబ్బను కత్తిరిస్తూ, మొక్క నాటుతూ, ఎవరికో శాలువా కప్పుతూ, ఎవరిచేతో కప్పించుకుంటూ. మధ్యలో అద్దాల పెట్టెలో నీలం మఖమల్ మీద పతకం, దాని మీద ఒక చిన్న బల్బు. పగటిపూట కూడా వెలుగుతోంది.

"కూర్చో కారం. అమ్మాయీ, నువ్వు కూడా కూర్చోమ్మా." మాకు మంచినీళ్ళిచ్చారు. స్టోరు సారు గొంతు తగ్గించాడు. "ఆరోజు స్మశానంలో నేనలా అని ఉండకూడదు. మనం మనం ఒకటి. నేను సంతకం పెడతాను. దానిదేముంది?"

పెదనాన్న అద్దాల పెట్టె మీద వెలుగుతున్న బల్బుని చూస్తున్నాడు.

"మన వీధి చివరి కొత్త రోడ్డుకి నా పేరు పెడదామని పురపాలక సంఘం వాళ్ళు అనుకుంటున్నారు. నేను వద్దన్నాను. వాళ్ళు వినడం లేదు." ఇక్కడ ఆగి మా ముఖాలు చూశాడు. మేం జాలిపడలేదు. "ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు ఏదేదో అంటున్నారు. నేను అసలు పైకి వెళ్ళనే లేదని. ఆ రోజుల్లో పుట్టనివాళ్ళు కూడా మాట్లాడేస్తున్నారు. నువ్వు సభలో లేచి ఒక్క మాట అంటే చాలు. ఆయన్ని కొండ మీద నా కళ్ళతో చూశానని. అంతే. నువ్వు నాకు, నేను నీకు."

నాకు లోపల్లోపల ఒక ఆలోచన వచ్చింది, దాచడమెందుకు. అనేస్తే పోయేదేముంది, ఆ రోడ్డు ఎలాగూ వేస్తారు, ఆ పేరు ఎలాగూ పెడతారు అనిపించింది. పెదనాన్న నా వైపు చూడలేదు.

"స్టోరు సారూ, నేను మిమ్మల్ని చూశాను" అన్నాడు.

స్టోరు సారు ముఖం విప్పారింది.

"గుడారం దగ్గర చూశాను. ఆ కుర్రవాణ్ణి దింపి వస్తుంటే, మీరు దుప్పట్లు లెక్కపెట్టిస్తున్నారు. గాయపడ్డవాడికి ఒక దుప్పటి ఇమ్మంటే, చీటీ ఏదన్నారు. సభలో అది చెప్పమంటే ఎక్కడికైనా వచ్చి చెప్తాను. మైకు కూడా అక్కర్లేదు."

స్టోరు సారు మంచినీళ్ళు తాగాడు. మాకిచ్చిన గ్లాసులోవే తాగాడు. "కారం, నీకు ఎప్పుడూ బతకడం తెలీదు" అన్నాడు.

"తెలీదు. అందుకే కొండెక్కాను" అని పెదనాన్న లేచాడు.

*

సంఘంలో మిగతా పతకాలవాళ్ళు వేరే యుద్ధాల్లో ఉన్నవాళ్ళు. ఇక మిగిలింది ఆ వైర్‌లెస్ కుర్రవాడు. ఆరోజు గుడారం నుంచి అతన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పేరు తప్ప పెదనాన్నకి ఇంకేమీ తెలియదు. కాలు పోయిన సైనికుల సంఘానికి ఫోన్ చేసి, వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన ఇంకెవరినో అడిగి, చివరికి పట్టుకున్నాను. కొండల అవతల ఒక చిన్న ఊళ్ళో మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం నడుపుతున్నాడు. బస్సులో వెళ్ళాం. దారి పొడవునా పెదనాన్న డ్రైవర్ని, రోడ్డుని, ముందు సీట్లో నిద్రపోతున్నవాడి గురకని తిడుతూనే ఉన్నాడు. కంగారు పడుతున్నాడని అర్థమైంది.

దుకాణంలో స్పీకర్ల మధ్య ఒక పెద్దమనిషి పంటితో వైరు తొక్క తీస్తున్నాడు. కుర్రవాడనే విన్నాను కదా, బట్టతలా తెల్ల మీసం చూసేసరికి నాకు విచిత్రంగా అనిపించింది. కుడి పాంటు కాలు కింద కొయ్యకాలి బూటు కనపడుతోంది. వచ్చిన పని చెప్పాను.

ఆయన పెదనాన్నని తేరిపార చూశాడు. "నాకు గుర్తులేదండీ. నన్నెవరో మోసుకొచ్చారని చెప్పారు. ముఖం చూడలేదు. వీపే చూశాను."

"అయితే వీపు చూపించమంటారా?" అన్నాడు పెదనాన్న.

"మీరే అని నేనెలా ప్రమాణం చెయ్యను? పది మంది రావచ్చు ఇలా." ఆయన మాటలో తప్పేమీ లేదు. కాసేపు వైరు చుట్టుకుంటూ కూర్చుని, ఉన్నట్టుండి తలెత్తాడు. "ఒక పని చెయ్యండి. నన్ను తిట్టండి."

"ఏంటి?"

"నన్ను మోసినవాడు కొండ దిగేంతసేపూ తిట్టాడు. స్పృహ వచ్చి పోతూ ఉండేది, తిట్లు మాత్రం ఆగలేదు. అవి నేను మర్చిపోలేదు."

పెదనాన్న నా వైపు చూశాడు. "నువ్వు బయట నిలబడు" అన్నాడు. నేను గుమ్మం అవతల నిలబడ్డాను. మైకు సెట్ల దుకాణంలో గుమ్మం అవతల నిలబడితే వినపడకపోవడమేముంది?

మొదట నెమ్మదిగా మొదలైంది. తర్వాత ఊపందుకుంది. ఆ దున్నపోతు ఒంటి గురించి, ఆ ఒంటిని కన్నవాళ్ళ గురించి, వైర్‌లెస్ కనిపెట్టినవాడి గురించి, కొండల్ని చేసినవాడి గురించి. "చావాలనుంటే పైనే చావాల్సింది, సగం దారిలో చస్తే నా కష్టం ఎవడిస్తాడు? కళ్ళు మూశావంటే ఇక్కడే పారేసి పోతా." ఆ తర్వాత మైకాయన గొంతు కలిసింది. చివరి మాట ఇద్దరూ కలిసే అన్నారు. "నేను వండిపెట్టిందే ఇప్పుడు నా వీపున మోస్తున్నాను, నా ఖర్మ కాలి."

నేను లోపలికి వెళ్ళాను. ఇద్దరూ కావలించుకుని ఉంటారనుకున్నాను. లేదు. మైకాయన ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వేనన్నమాట" అన్నాడు, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "నన్ను మధ్యలో కింద పడేశావు. గుర్తుందా?"

పెదనాన్న ఆ కొయ్యకాలి బూటు వైపు చూశాడు.

"వాగు దగ్గర. నీ కాలు జారింది. నా కాలు బండకి కొట్టుకుంది. అప్పటిదాకా పాదమే పోయింది. ఆసుపత్రిలో మోకాలు దాకా తీసేశారు. ఇన్నేళ్ళూ ఆ వీపుని తిట్టుకుంటూ బతికాను. దొరికితే అడుగుదామనుకున్నాను."

"అడుగు."

"ఎందుకు పడేశావు?"

"బరువున్నావు" అన్నాడు పెదనాన్న. మళ్ళీ తనే, "ముందురోజు నుంచీ తిండి లేదు. పైకి తెచ్చిన సూపు మీకే పోశాను" అన్నాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మకి కూడా తెలియదు.

మైకాయన చాలాసేపు వైరు చుట్టాడు. చుట్టిందే విప్పి మళ్ళీ చుట్టాడు. "సంతకం పెడతాను" అన్నాడు చివరికి. "పడేశావన్నది కూడా రాయిస్తాను."

"రాయించు. నిజమేగా."

మర్నాడు నోటరీ దగ్గరికి వెళ్ళాం. మైకాయన తిట్లన్నీ అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు, గుర్తుపట్టింది వాటివల్లే కనుక. నోటరీ సగంలో కలం కింద పెట్టేశాడు. ఆయన పెద్దమనిషి, ముద్ర ఉన్నవాడు. బతిమాలగా బతిమాలగా చివరికి ఇలా రాశాడు: "సదరు వ్యక్తి గాయపడిన నన్ను వీపున మోయుచు, దారి పొడవునా ఘాటైన పదజాలముతో ప్రోత్సహించుచు, ఒకమారు క్రింద పడవేసి, తిరిగి ఎత్తుకొని, వైద్య శిబిరమునకు చేర్చెను." పెదనాన్న అది విని, "ప్రోత్సహించానా?" అన్నాడు. "వినడానికి బాగుంది, ఉండనీ" అన్నాడు మైకాయన.

*

ఆ కాగితం ఆఫీసులో ఎన్ని బల్లల మీద నిద్రపోయిందో చెప్పను. నిద్ర లేపినప్పుడల్లా ఇంకో కాగితం అడిగింది. ఒక అధికారి, కింద పడవేయడం పతకానికి అర్హతా అనర్హతా అని పైవారి సలహా కోరాడట. ఆ సలహా రావడానికి ఒక వర్షాకాలం పట్టింది. చివరికి ఉత్తర్వు వచ్చింది. రణపతకం ఆయన సర్వీసు రికార్డులో చేర్చడమైనది. కింద ఇంకో వాక్యం ఉంది. పతకములు నిల్వలో లేనందున, కోరినచో గుర్తింపు పొందిన దుకాణములో స్వంత ఖర్చుతో కొనుక్కొనవచ్చును.

"డబ్బాలు పోతే నేనే కట్టాలి, బిళ్ళ కావాలన్నా నేనే కట్టాలి" అన్నాడు పెదనాన్న. అయినా వెళ్ళాం. ఆ దుకాణంలో బడి బ్యాండు టోపీలు, గార్డుల విజిళ్ళు, నాటకాల వాళ్ళ కత్తులు, వాటి పక్కనే ఒక అట్టపెట్టెలో రణపతకాలు. బోల్టులు పోసినట్టు పోసున్నాయి. దుకాణం వాడు ఒక గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు.

"పెద్దదా చిన్నదా అండీ?"

"ఉత్తర్వు చూపించాలా?" అన్నాడు పెదనాన్న.

"ఎందుకండీ? సినిమావాళ్ళు కూడా తీసుకెళ్తారు."

పెదనాన్న ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. వెనకవైపు నట్టు వదులుగా ఉంది. తిరిగి ఆ కుప్పలోనే పడేసి, బస్సు టైమవుతోందని నాకు చెప్పి బయటికి నడిచాడు.

స్టోరు సారు ఊరుకోలేదు. ఆయనే సన్మానం పెట్టాడు, సంఘం తరఫున పతకం కూడా కొన్నాడు. గుచ్చడానికి వచ్చేది తనేనని వేరే చెప్పాలా? కార్డుల్లో ఆయన ఫొటో పెద్దదిగా, మా పెదనాన్న పేరు చిన్నదిగా వేశారు. పెదనాన్న వెళ్ళలేదు. ఆరోజు క్యాంటీన్‌లో పనుందన్నాడు. రిటైరై ఏడాదయినా పనుందన్నాడు. సభ ఆగలేదు. సన్మానం అందుకోవాల్సినవాడు లేకపోయినా స్టోరు సారు అరగంట మాట్లాడాడట, చప్పట్లు కూడా బాగా పడ్డాయట. కొత్త రోడ్డుకి ఆయన పేరే పెట్టారు. బోర్డు మీద 'కొండ వీరుడు' అని ఉంటుంది. కూరగాయలకి మేం దాని మీదనుంచే వెళ్తాం, వేరే దారి లేదు. పెదనాన్న మాత్రం ఆ బోర్డు దగ్గర తప్పకుండా ఒకసారి ఉమ్మేసి వెళ్తాడు. వయసుకి దగ్గు కదా అంటాడు.

ఇప్పుడు మైకాయన వీలున్నప్పుడల్లా బస్సెక్కి వస్తాడు. పెదనాన్న వండుతాడు. ఆయన తినేటప్పుడు మెచ్చుకోడు, పెదనాన్న వడ్డించేటప్పుడు అడగడు. భోజనాలయ్యాక వాగు దగ్గర సంగతి మొదలవుతుంది. అక్కడ బండ ఎడమవైపు ఉందని ఈయన, కుడివైపని ఆయన. నీటిలో నాచు ఉందని ఈయన, అసలు వాగులో నీళ్ళే లేవని ఆయన.

"నీళ్ళు లేకపోతే నేనెందుకు జారతాను?"

"అదే నేనూ అడుగుతున్నాను."

పెద్దమ్మ బయట కుర్చీలో కూర్చుని, "ఇద్దరూ పోయి ఇంకోసారి దిగి చూసి రండి. ఈసారి మైకాయన్ని మోయనివ్వండి" అంటుంది. వాళ్ళు వినరు. సాయంత్రం బస్సు వచ్చేదాకా తేల్చుకోరు. బస్సు మెట్టెక్కేటప్పుడు పెదనాన్న ఆయన చంకలో చెయ్యి వేస్తాడు. "ఈసారైనా పట్టుకో" అంటాడు మైకాయన. "నోరు మూసుకుని ఎక్కు" అంటాడు పెదనాన్న.